తలుపు సంగతి సరే, కిటికీ ఎటు చూస్తోంది?

ఫ్లాటు కొనడానికి వెళ్లినవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న ‘ఈస్ట్ ఫేసింగా, వెస్ట్ ఫేసింగా?’ అని. బిల్డరు చెప్పే జవాబు సింహద్వారం గురించి. కరెంటు బిల్లుకు మాత్రం సింహద్వారంతో పనిలేదు. పడగ్గది కిటికీ ఎటు చూస్తోంది, దాని మీద నీడ ఉందా, ఆ నీడ అద్దానికి బయట ఉందా లోపల ఉందా అన్నవే ఆ బిల్లును తేలుస్తాయి. ఎండ దేశాల్లో ఇళ్లు, ఆఫీసులు కట్టినవాళ్లు వెలుగును రానిచ్చి వేడిని గుమ్మం బయటే ఎలా ఆపారో చెప్పే విశేషాలివి. మన దగ్గరివి కొన్ని, బయటివి కొన్ని.

◆ హైదరాబాద్‌లో ఏడాదికి రెండు రోజులు మిట్టమధ్యాహ్నం నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఈ రెండు తేదీల మధ్య మూడు నెలలపాటు మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. కాబట్టి రోళ్లు పగిలే రోహిణి కార్తెలో దక్షిణపు గోడ రోజంతా నీడలోనే ఉంటుంది. ఎండ తగిలేది ఉత్తరపు గోడకు, అదీ పొద్దున్నే, సాయంత్రం వేళ పక్కల నుంచి ఏటవాలుగా. ఉత్తరపు కిటికీకి ఎండే రాదని రాసిన పాఠాలు చాలావరకు ఐరోపా, అమెరికా ఎండను చూసి రాసినవి. మన ఉత్తరపు కిటికీకి చిన్న సన్‌షేడ్‌తో పాటు పక్కన నిలువు పలక కూడా ఉంటే మేలు.

◆ ఇంజినీరింగ్ కాలేజీల్లో చెప్పే ‘నార్త్ లైట్ ట్రస్’ కూడా అలాంటి చల్లని దేశపు ఆలోచనే. ఫ్యాక్టరీ పైకప్పును రంపపు పళ్లలా మలిచి, ఉత్తరం వైపు నిలువు పళ్లకు అద్దాలు పెడితే లోపలికి నీడ పడని మెత్తటి వెలుగు వస్తుంది. మన అక్షాంశాల్లో కట్టేటప్పుడు మే నుంచి జులై దాకా ఆ అద్దాలకూ ఎండ తగులుతుందని గుర్తుపెట్టుకుని పైన చిన్న అంచు పొడిగించాలి.

◆ ఇప్పుడు అసలు లెక్క. నాలుగడుగుల ఎత్తున్న కిటికీ, దాని నెత్తి మీదే సన్‌షేడ్ అనుకుందాం. ఆ కిటికీ దక్షిణం వైపు ఉంటే మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా మధ్యాహ్నపు ఎండను పూర్తిగా ఆపడానికి అడుగుంపావు సన్‌షేడ్ చాలు. డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు 49 డిగ్రీల ఎత్తుకే వస్తాడు. అప్పుడు ఎండ లోపలికి దిగుతుంది, చలికాలం కాబట్టి దిగనిచ్చినా నష్టం లేదు.

అదే కిటికీ పడమర వైపు ఉంటే? ఏప్రిల్ చివర్లో సాయంత్రం ఐదింటికి హైదరాబాద్‌లో సూర్యుడు నేలకు సుమారు 21 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. ఆ ఎండను అడ్డంగా పోసిన పలకతో ఆపాలంటే అది పదడుగులు ముందుకు పొడుచుకు రావాలి. మేస్త్రీ మాత్రం నాలుగు వైపులా ఒకే కొలతతో, అడుగున్నర లెక్కన, సెంట్రింగ్ కొట్టి పోసేస్తాడు. ఆ అడుగున్నర దక్షిణాన ఎక్కువే. పడమట ఐదింటికి అది కిటికీ పైభాగంలో ఏడంగుళాలకు నీడనిస్తుంది. మిగతా మూడడుగుల అయిదంగుళాల్లోంచి ఎండ నేరుగా మంచం మీద పడుతుంది. పడమటి సన్‌షేడ్ వాన జల్లును ఆపుతుంది, ఎండను ఆపలేదు. ప్లాను గీసే రోజే ఈ ముక్క ఎవరైనా చెబితే ఎన్ని పడగ్గదులు బాగుపడేవో!

◆ చూరు కింద తలవంచి లోపలికి వెళ్లాల్సిన పాత పెంకుటిళ్ల లెక్క వేరు. నేలకు ఐదడుగుల ఎత్తుకు దిగిన చూరు, దాని వెనక ఏడడుగుల వసారా ఉంటే, పైన చెప్పిన ఐదు గంటల ఎండ గోడకు కింద రెండడుగుల దాకానే తగులుతుంది. కిటికీ నీడలోనే మిగులుతుంది. సూర్యుడు కిందికి దిగినప్పుడు నీడ కూడా కిందికి దిగాలి. సన్‌షేడ్ పొడవు పెంచడంకన్నా దాని అంచును కిందికి దించడం తేలికన్న సంగతి ఆ ఇళ్లలో కనిపిస్తుంది. ఇప్పటి బాల్కనీ అంచు నుంచి రెండడుగుల వెదురు చిక్ వేలాడదీసినా జరిగేది అదే.

◆ మామూలు తెల్లటి అద్దం తన మీద పడిన ఎండలో 80 శాతానికి పైగా లోపలికి వదిలేస్తుంది. వేసవి సాయంత్రం నీడలేని పడమటి అద్దం చదరపు మీటరుకు సుమారు 500 నుంచి 600 వాట్ల వేడిని గదిలోకి పంపుతుంది. ఐదడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తున్న కిటికీ అంటే గదిలో వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెను వేడెక్కించి వదిలేసినట్టే. ఒక టన్ను ఏసీ లాగేసే వేడి సుమారు 3,500 వాట్లు. (టన్ను లెక్క మంచు నుంచి వచ్చింది. రెండు వేల పౌన్ల మంచు 24 గంటల్లో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో అంత వేడిని లాగే యంత్రం ఒక టన్ను యంత్రం.) అంటే అలాంటి కిటికీలు మూడున్నర ఉంటే ఒక టన్ను ఏసీ ఆ అద్దాల కోసమే తిరుగుతుంది. గదిలో మనుషులు, గోడలు, పైకప్పు వేడి దానికి అదనం.

◆ లోపల వేసిన మందపాటి కర్టెన్ వెలుగును ఆపినంత బాగా వేడిని ఆపదు. ఎండ అద్దాన్ని దాటుకొచ్చి కర్టెన్‌ను వేడెక్కిస్తుంది. వేడెక్కిన గుడ్డ వెలువరించే వేడి మరో రకం కిరణాల్లో ఉంటుంది, వాటిని అద్దం బయటికి పోనివ్వదు. సాయంత్రం పడమటి కిటికీ కర్టెన్‌కూ అద్దానికీ మధ్య చెయ్యి పెట్టి చూడండి, కాగుతున్న గాలి తెలుస్తుంది. ఆ గాలి కర్టెన్ పైఅంచు మీదుగా గదిలోకి వస్తూనే ఉంటుంది. అదే గుడ్డ, అదే చిక్, అదే తడక అద్దానికి బయట కడితే వేడి వీధిలోనే ఉండిపోతుంది. వట్టివేళ్ల తడకలు గుమ్మానికి బయట కట్టి నీళ్లు చల్లినవాళ్లకు నీడతో పాటు నీరు ఆవిరయ్యేటప్పటి చల్లదనం కూడా దక్కింది.

◆ గోల్కొండ పేరుతో పుదుచ్చేరిలో ఒక భవనం ఉంది. అరవిందాశ్రమ సాధకుల వసతి కోసం కట్టిన ఆ ఇంటి పేరు గోల్కొండ్, గోల్కొండకు ఫ్రెంచి రూపం. అప్పట్లో హైదరాబాద్ సంస్థానపు దివానుగా ఉన్న సర్ అక్బర్ హైదరీ చొరవతో నిజాం ప్రభుత్వం నుంచి లక్ష రూపాయల విరాళం అందింది. ఆ కృతజ్ఞతకు గుర్తుగా ఆ పేరు పెట్టారు.

చెక్ దేశంలో పుట్టి జపాన్‌లో పేరు తెచ్చుకున్న ఆంటొనిన్ రేమండ్ దాన్ని రూపొందించారు. దగ్గరుండి కట్టించినవారిలో జార్జ్ నకషీమా ఒకరు, తర్వాతి రోజుల్లో అమెరికాలో చెక్క సామాను తయారీకి ప్రపంచ ప్రసిద్ధుడయ్యారు. పని 1930ల చివర్లో మొదలై యుద్ధకాలమంతా సాగి 1940ల్లో ముగిసింది. ఆ భవనం పొడవాటి ముఖాలు రెండూ ఉత్తర దక్షిణాలకు ఉంటాయి. తూర్పు, పడమర ఎండ తగిలేవి సన్నటి కొసలే. పొడవాటి ముఖాలకు గాజు కిటికీలు లేవు. నేల నుంచి పైకప్పు దాకా అడ్డంగా పేర్చిన వెడల్పాటి రేకులున్నాయి. చేత్తో తిప్పితే వరసంతా కలిసి తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. ఎండ ఏటవాలును బట్టి వాటిని వాల్చుకుంటే వెలుగు ఒక రేకు మీది నుంచి పైరేకు అడుగుకు తగిలి, మెత్తబడి లోపలికి వస్తుంది. గాలికి మాత్రం అడ్డులేదు. గదులన్నీ దక్షిణం వైపు ఒకే వరసలో, నడవా ఉత్తరం వైపు ఉన్నాయి. గదికీ నడవాకూ మధ్య టేకు చెక్క బద్దల జరుపుడు తలుపులు. వాటిని మూసుకున్నా గాలి ఆగదు, ఏకాంతం చెడదు. పైకప్పు స్లాబు మీద గాలి ఆడేంత ఎడం వదిలి వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు పరిచారు, స్లాబుకు కూడా నీడ ఉండాలని. ఏసీ కంపెనీలు మన ఊళ్లకు రాకముందు, కాంక్రీటు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఆ కొత్త సరుకుతోనే ఇంత చల్లటి ఇల్లు కట్టొచ్చని నిరూపించిన భవనం అది. నా ఉద్దేశంలో మన ఆర్కిటెక్చర్ విద్యార్థులు సింగపూర్ అద్దాల మేడలకంటే ముందు చూడాల్సింది దీన్నే.

◆ అహ్మదాబాద్‌లో మిల్లు యజమానుల సంఘం భవనాన్ని ఆర్కిటెక్టు లె కార్బూజియే 1954లో పూర్తిచేశారు. వీధి వైపు పడమర, సబర్మతి వైపు తూర్పు. రెండు ముఖాలకూ కాంక్రీటు పలకలే అడ్డు, కానీ రెండూ ఒక్కలా ఉండవు. నది వైపు పలకలు ముఖానికి నిటారుగా నిలబడితే, వీధి వైపువి ఏటవాలుగా తిరిగి ఉంటాయి. పడమటి ఎండ వాటిని దాటి లోపలికి చూడలేదు.

◆ జాలీ రాయి ఎండను ఎలా ఆపుతుంది? రంధ్రం వెడల్పుకూ రాయి మందానికీ ఉన్న లెక్కతో. రెండంగుళాల మందం రాతిలో రెండంగుళాల రంధ్రం తొలిస్తే, 45 డిగ్రీలకు పైనున్న సూర్యుడి కిరణం నేరుగా లోపలికి దూరలేదు. రంధ్రం గోడలకు తగిలి, చెదిరి, కళ్లకు గుచ్చుకోని వెలుగుగా వస్తుంది. జయపురంలో 1799లో కట్టిన హవా మహల్‌కు 953 చిన్న కిటికీలున్నాయి. తిరువనంతపురంలో స్థిరపడిన ఆర్కిటెక్టు లారీ బేకర్ ఖరీదైన రాయి జోలికి పోకుండా, మామూలు ఇటుకల్ని ఎడమెడంగా పేర్చి పేదల ఇళ్లకు అదే జాలీ కట్టించారు. కిటికీ చట్రం, అద్దం, గ్రిల్లు ఖర్చులు మూడూ ఒక్క దెబ్బకు తప్పాయి.

◆ వెలుగుల్లో ఎండ పొదుపైనది! ఒక వాటు శక్తికి పాత ఫిలమెంట్ బల్బు ఇచ్చే వెలుగు 12 నుంచి 15 ల్యూమెన్లు, మంచి ఎల్‌ఈడీ బల్బు ఇచ్చేది వంద లేదా కాస్త పైన. పగటి వెలుగులోనూ వాటుకు వంద పైచిలుకే. అవసరమైనంత మేరకే, అదీ నేరుటెండ కాకుండా ఆకాశపు వెలుగునే లోపలికి తెచ్చుకుంటే, దానితో వచ్చే వేడి దీపం వేడి కంటే ఎక్కువ కాదు, కరెంటు ఖర్చు అసలే లేదు. అవసరం కూడా ఎంతో కాదు. నేరుటెండలో లక్ష లక్స్ వెలుగు ఉంటే ఆరుబయట చెట్టునీడలో పదివేల దాకా ఉంటుంది, పుస్తకం చదువుకోవడానికి 300 చాలు. నీడలో ఉన్న వెలుగులో నూటికి మూడు వంతులు గదిలోకి వస్తే పగలు స్విచ్చు నొక్కక్కర్లేదు.

◆ గదిలోకి వెలుగు ఎంత దూరం వస్తుందన్నది కిటికీ వెడల్పును బట్టి కన్నా దాని పైఅంచు ఎత్తును బట్టి ఉంటుంది. నేల నుంచి పైఅంచు ఎంత ఎత్తులో ఉందో దానికి ఒకటిన్నర రెట్ల నుంచి రెండు రెట్ల దూరం వరకు పనికొచ్చే వెలుగు వస్తుందని ఆర్కిటెక్టుల మోటు లెక్క. ఏడడుగుల పైఅంచుకు పది పద్నాలుగు అడుగులు. పాత ఇళ్లలో పైకప్పు దగ్గర పెట్టిన వెంటిలేటర్లు గది చివరి దాకా వెలుగునిచ్చింది అందుకే. అదే లెక్కన, నేల నుంచి బల్ల ఎత్తు వరకు ఉన్న అద్దం బల్ల మీదికి వెలుగునివ్వదు, వేడినే ఇస్తుంది. నేల దాకా అద్దాలు దించిన ఆఫీసు మేడల్లో మూడో వంతు అద్దం ఇలా ఊరికే వేడెక్కుతూ ఉంటుంది. అందులో పనిచేసేవాళ్లు పగలే బ్లైండ్లు దించి ట్యూబులైట్లు వేసుకుంటారు. వాణిజ్య భవనాల ఇంధన పొదుపు కోడ్ 2017 సవరణలో గోడలో అద్దం 40 శాతానికి మించకూడదన్న హద్దు పెట్టింది.

◆ ఇళ్లకు కూడా కోడ్ ఉంది. 2018లో వచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ ప్రకారం విజయవాడ, విశాఖ లాంటి ఉక్కపోత ఊళ్లలో తెరుచుకునే కిటికీలు, తలుపుల వైశాల్యం కార్పెట్ ఏరియాలో ఆరో వంతు, హైదరాబాద్‌లో ఎనిమిదో వంతు ఉండాలి. వెయ్యి అడుగుల ఇంటికి విజయవాడలో 167 చదరపు అడుగులు, హైదరాబాద్‌లో 125. ఇక్కడొక మెలిక ఉంది. రెండు పలకల స్లైడింగ్ కిటికీ ఎంత పెద్దదైనా తెరుచుకునేది సగమే, కోడ్ కూడా సగమే లెక్కేస్తుంది. రెక్కల కిటికీకి 90 శాతం లెక్క. దోమతెర సులువని, చోటు కలిసొస్తుందని అపార్ట్‌మెంట్లన్నీ స్లైడింగ్‌కు మారిపోయి సగం గాలిని వదులుకున్నాయి. నల్లటి అద్దాలకు కూడా ఆ కోడ్‌లో హద్దుంది. కిటికీలు గోడలో 30 శాతం లోపే ఉన్నా, అద్దం కనీసం 27 శాతం వెలుగును రానివ్వాలి.

◆ ఎండలో దాదాపు సగం శక్తి కంటికి కనిపించని పరారుణ కిరణాల్లోనే ఉంది. వెండి పూత పూసిన ‘లో-ఈ’ అద్దం కనిపించే వెలుగును రానిచ్చి ఆ సగాన్ని వెనక్కి కొడుతుంది. నల్ల ఫిల్ము అద్దం వెలుగును మింగి తానే వేడెక్కుతుంది. ఇంట్లో చీకటి పడిందంటే చల్లబడినట్టు కాదు.

◆ హైదరాబాద్ కొత్తగూడలోని సీఐఐ–సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ అమెరికా బయట, హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం రేటింగ్ పొందిన మొట్టమొదటి భవనం. 2004 జులై 14న రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు. ఆర్కిటెక్టు కరణ్ గ్రోవర్. నడుమ గుండ్రటి ముంగిలి, చుట్టూ గదులు, అక్కడక్కడా జాలీ గోడలు. గదులకు ముంగిలి వైపు నుంచి, బయటి నుంచి వెలుగు వస్తుంది కాబట్టి పగలు దీపాలతో పని తక్కువ. మన మండువా లోగిళ్లలోనూ వెలుగు ఇలాగే నడిమింట దిగి, చుట్టూ ఉన్న వసారాల మీదుగా గదుల్లోకి వెళ్లేది.

◆ హైదరాబాద్ శివారు పోచారంలో ఇన్ఫోసిస్ ఒక భవనాన్ని సరిసమానంగా రెండు సగాలుగా కట్టి పందెం పెట్టింది. ఒక సగానికి మెరుగైన మామూలు సెంట్రల్ ఏసీ, రెండో సగానికి స్లాబులో పొదిగిన పైపుల్లో పారే చల్లటి నీళ్లు. గోడలు, కిటికీలు, నీడ పలకలు రెంటికీ ఒకటే. నీళ్ల సగం చల్లదనానికి ఖర్చు చేసిన కరెంటు మామూలు ఏసీ సగంకన్నా మూడో వంతు దాకా తక్కువ తేలింది. స్లాబు తీసుకోగల వేడికి ఒక హద్దుంటుంది. కిటికీల నుంచి ఎండ దంచికొట్టే భవనంలో ఈ పద్ధతి పనిచేయదు. ముందు నీడ, తర్వాతే యంత్రం.

◆ నీడలేని అద్దం ఎదుటివాళ్లనూ కాలుస్తుంది. లాస్ వేగాస్‌లో లోపలికి వంపు తిరిగిన వ్‌డారా హోటల్ అద్దాల ముఖం ఎండను ఈతకొలను గట్టు మీద ఒకచోట గుమిగూర్చి అతిథుల ఒళ్లు కాల్చిందని 2010లో వార్తలొచ్చాయి. 2013లో లండన్‌లో ఇంకో వంపు మేడ వీధిలో ఆపిన కారు భాగాల్ని కరిగించేసింది. రెండింటి ఆర్కిటెక్టూ ఒక్కరే, రఫాయెల్ విన్యోలీ. లండన్ మేడకు మరుసటి ఏడాది నీడ పలకలు బిగించారు.

◆ అబుదాబిలో 2012లో పూర్తయిన అల్ బహర్ జంట మేడల ఒంటి మీద ఒక్కొక్కదానికి వెయ్యికి పైగా మడత గొడుగులున్నాయి. ఎండ ఏ వైపుంటే ఆ వైపువి కంప్యూటరు ఆజ్ఞతో విచ్చుకుంటాయి, సూర్యుడు దాటిపోగానే ముడుచుకుంటాయి. అరబ్బు ఇళ్ల చెక్క జాలీలే వాటికి మూలం.

◆ రేకుల ఇంట్లో పట్టపగలే చీకటి. బ్రెజిల్‌లో ఆల్ఫ్రెడో మోజర్ అనే మెకానిక్ 2002లో రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసాలో నీళ్లు నింపి, పాచి పట్టకుండా కాస్త బ్లీచింగ్ కలిపి, రేకుకు రంధ్రం చేసి సగం పైకి, సగం లోపలికి దింపాడు. పైన పడ్డ ఎండ నీళ్లలో వంగి గది నలుమూలలకూ చెదిరింది, 40 నుంచి 60 వాట్ల బల్బంత వెలుగు. 2011లో ఫిలిప్పీన్స్‌లో ఇలాక్ డియాజ్ దీన్ని ‘లీటర్ ఆఫ్ లైట్’ ఉద్యమంగా మార్చి పేదల బస్తీలకు చేర్చారు. మన పెంకుటిళ్ల వంటింట్లో నాలుగు మట్టిపెంకుల నడుమ ఒక గాజు పెంకు పెట్టింది కూడా ఈ వెలుగు కోసమే.

◆ వేప, కానుగ చెట్లు ఎండాకాలం అంచున ఆకు రాల్చి, ఎండలు ముదిరే వేళకు కొత్త చిగురుతో గుబురెక్కుతాయి. పడమటి కిటికీకి వీటికన్నా తెలివైన నీడ లేదు. చెట్టుకు చోటు లేని చోట గ్రిల్లు మీదికి దొండపాదు పాకించినా అద్దానికి బయటే నీడ దొరుకుతుంది, కూరా దొరుకుతుంది.

◆ బడిగదికి కిటికీలు పిల్లల ఎడమ చేతి వైపు ఉండాలన్నది పాత నియమం. కుడిచేత్తో రాసే బిడ్డకు తన చేతి నీడ అక్షరం మీద పడకూడదని. ఎడమచేతి వాటం పిల్లలకు ఇది తలకిందులవుతుంది. కాబట్టి రెండు వైపులా కిటికీలుంటే మరీ మంచిది, గాలి కూడా ఆడుతుంది.

◆ 2020 జనవరి 1 నుంచి మన దేశంలో స్టార్ రేటింగ్ ఉన్న గది ఏసీలు ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలవ్వాలన్న నియమం ఉంది. ఒక డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అవుతుందని ఇంధన పొదుపు సంస్థ బీఈఈ లెక్క. పడమటి ఎండ పడే గదిలో 24 పెట్టినా ఒంటికి చాలినట్టుండదు, ఎందుకంటే కాగిన అద్దం, గోడ మన మీదికి వేడిని చిమ్ముతూ ఉంటాయి. నీడ పడిన గదిలో 26 కూడా హాయిగా సరిపోతుంది.

◆ ఆఫీసుల్లో, బడుల్లో పగటి వెలుగు ఎంత వచ్చినా లైట్లు ఆగకపోవడానికి ఒక చిన్న కారణం వైరింగ్. సాధారణంగా ఒక స్విచ్చుకు కలిపే లైట్ల వరస కిటికీ నుంచి గది చివరి గోడ దాకా పోతుంది. చివర కూర్చున్నవాళ్లకు చీకటిగా ఉందని స్విచ్చు వేస్తే కిటికీ పక్కన దీపాలు కూడా వెలుగుతాయి. వరసల్ని కిటికీకి సమాంతరంగా తిప్పి, కిటికీ పక్క వరసకు ఒక స్విచ్చు, నడిమి వరసకు ఒకటి, గోడ పక్క వరసకు ఒకటి ఇస్తే మొదటి వరస పగలంతా ఆరిపోయే ఉంటుంది. స్లాబులో పైపులు వేసే ముందే ఎలక్ట్రీషియన్‌కు చెబితే అదనంగా పట్టేది కొన్ని మీటర్ల వైరు, రెండు స్విచ్చులు.